మీసాల చేపలకు ఒక టీక

ఒంటి మీద పొలుసు లేదు, మూతి చుట్టూ మీసాలున్నాయి. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే చాలు, పట్నం బజారులో ఇప్పుడు క్యాట్‌ఫిష్ అనేస్తున్నారు. కొల్లేటి గట్టున గానీ, గోదావరి లంకల్లో గానీ, కృష్ణ ఒడ్డున గానీ వల భుజాన వేసుకున్న మనిషి అలా అనడు. ఆయన జెల్ల అంటాడు, వాలుగ అంటాడు, ఇంగిలాయి అంటాడు, మార్పు అంటాడు. ఇవి నాలుగు వేరు వేరు చేపలు. నాలుగింటి ఊపిరి వేరు, తిండి వేరు, గుడ్లు పెట్టే చోటు వేరు. పట్టే తీరూ అందుకే వేరు. చేతిలో ఉన్నది ఏదో తెలియకుండా పట్టబోతే ముందు చెయ్యి నొప్పెడుతుంది, ఆ తరవాత చెరువుకు చేటు జరుగుతుంది. కనుక ఒక్కో మాటే తీసుకుని చెబుతాను. పేర్లు ఊరూరికీ కొంత మారుతుంటాయి. ఇక్కడ రాసినవి ఎక్కువగా కోస్తా జిల్లాల్లో వినబడేవి.

మీసం

గుర్తింపు ఇక్కడ మొదలవుతుంది, ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టడంతో. వాలుగకు రెండు జతలు. జెల్లకు, ఇంగిలాయికి, మార్పుకు నాలుగేసి జతలు. గోదావరి, కృష్ణల్లో ఉండే రీటా జాతి చేపలకు మూడు. లెక్క తేలాక పొడవు చూడాలి. పై దవడ మీసాలు వెనక్కి మడిస్తే ఎంతదాకా వస్తాయన్నది ఒక్కో జాతికి ఒక్కో కొలత. కొన్నింటికి మొప్ప దాటవు, కొన్నింటికి తోక దాకా పోతాయి.

మీసం అలంకారానికి ఉన్నది కాదు. అది నాలుక చేసే పని చేస్తుంది. రుచి తెలిసే మొగ్గలు ఈ చేపలకు మీసాల మీద, పెదవుల మీదనే కాక ఒళ్లంతా చర్మం మీద కూడా ఉంటాయి. బురద నీళ్లలో, అమావాస్య రాత్రి, కంటికి ఏమీ ఆననప్పుడు కూడా అడుగు తడుముకుంటూ తిండి వెతుక్కోగలవు. వరద నీరు ఎర్రగా వచ్చినప్పుడు తక్కిన చేపలు గాలానికి పడకపోయినా జెల్ల పడుతుంది. కారణం ఇదే.

ముల్లు

మొప్పల వెనక రెండు పక్కలా ఉండే రెక్కలకు ముందు అంచున ఒక్కో ముల్లు. జెల్లకు వీపు మీది రెక్కకు కూడా ఒకటి. ఈ ముళ్లకు రంపపు పళ్లలాంటి గరుకు ఉంటుంది, మొదట్లో కీలు గొళ్లెంలా బిగుసుకునే ఏర్పాటు ఉంటుంది. బెదిరిన చేప ముళ్లను నిలబెట్టి బిగిస్తుంది. ఇక వాటిని బలవంతంగా వంచలేం, విరగాల్సిందే. వలలో చిక్కిన జెల్లను విడదీయడానికి పట్టేంతసేపు ఇంకే చేపకూ పట్టదు. నీళ్లలోంచి తీసిన జెల్ల కీచుమంటుంది, విన్నవాళ్లకు తెలుసు. ఆ చప్పుడు గొంతులోంచి వచ్చేది కాదు. ముల్లు దాని కీలు గుంటలో రాపాడితే వచ్చేది.

పట్టుకునే పద్ధతి ఒకటే. తల వెనక నుంచి చెయ్యి తెచ్చి, పక్క రెక్కల ముళ్లు వేళ్ల సందుల బయట ఉండేలా, బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు మరో పక్క ముళ్ల వెనక ఆనించాలి. ముందు నుంచి తల మీద చెయ్యి వేస్తే గుచ్చుకోక మానదు. పిల్ల చేపలే ఎక్కువ ప్రమాదం, వాటి ముల్లు సూదిలా వాడిగా ఉంటుంది.

అన్ని ముళ్లలోకీ ఇంగిలాయి ముల్లుకు భయపడాలి. దానికి విషం ఉంది. గుచ్చుకున్న చోట మంట మొదలై చెయ్యంతా పాకుతుంది, గంటల తరబడి ఉంటుంది. మొదట చేయవలసింది చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచి ఉంచడం. అరగంట నుంచి గంటన్నర దాకా, నీళ్లు చల్లారినప్పుడల్లా మారుస్తూ. ఈ విషం మాంసకృత్తుల జాతిది, వేడికి బలం పోతుంది. తరవాత గాయంలో ముల్లు ముక్క మిగిలిందేమో చూపించుకోవాలి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి. పసరు కట్టి ఊరుకుంటే చీము పట్టి వేలు పాడయ్యే ప్రమాదముంది. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

కొవ్వు రెక్క

వీపు రెక్కకూ తోకకూ నడుమ, ఈనెలు లేకుండా మెత్తగా తోలులా ఉండే చిన్న మిట్ట. జెల్లలకు ఉంటుంది. వాలుగకు, ఇంగిలాయికి, మన మార్పుకు ఉండదు. బుట్టలో కలగలిసిన చేపల్ని ముందుగా రెండు కుప్పలు చేయడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

జెల్ల

ఇది ఒక చేప పేరు కాదు, ఒక వంశం పేరు. సముద్రపు జెల్లలు కూడా ఉన్నాయి. విశాఖపట్నంలో ఉండి చేపల్ని పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1803లో రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం అచ్చు వేయించినప్పుడు జాలర్లు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులోనూ జెల్ల ఉంది. ఇక్కడ మనకు కావలసినవి మంచినీటి జెల్లలు.

వాటిలో చిన్నవి మిస్టస్ జాతివి. కాలవల్లో, చెరువుల్లో దొరికేవి, పులుసుకు పేరుపడ్డవి ఇవే. ఒంటి మీద పొడవునా చారలుండి, భుజం దగ్గర నల్ల మచ్చ ఉంటే అది మిస్టస్ విట్టాటస్. చారలు లేక, వెండి రంగులో ఉండి, వీపు ముల్లు మొదట్లో నల్ల చుక్క ఉండి, మీసాలు తోక దాటి పోతుంటే అది మిస్టస్ కవాసియస్. కొవ్వు రెక్కను కూడా చూడండి. కవాసియస్‌కు అది వీపు రెక్క వెంటనే మొదలై పొడుగ్గా సాగుతుంది, విట్టాటస్‌కు దూరంగా, పొట్టిగా ఉంటుంది.

పెద్ద జెల్లలు నదులవి. స్పెరాటా జాతి. వాటి మూతి బద్దలా ముందుకు సాగి ఉంటుంది, కొవ్వు రెక్క చివర ఒక నల్లటి మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెండూ ఉంటే సందేహం అక్కరలేదు. అందులో రెండు రకాలు. మీసాలు తోక దాకా పోతే ఆవోర్, వీపు రెక్క దాటి ఎక్కువ దూరం పోకపోతే సీంఘాలా. సీంఘాలా అన్న శాస్త్రనామం కృష్ణా పరీవాహకంలోనే పుట్టింది. దక్కను చేపల మీద పనిచేసిన కర్నల్ సైక్స్ 1839లో దీన్ని వర్ణించాడు. ఆయన చూసిన చేప పుణె దగ్గరి ములా-ముఠా నీళ్లది. ఆ నీళ్లు భీమలో కలిసి, భీమ కృష్ణలో కలిసి, మన దాకా వస్తాయి.

స్పెరాటా నది అడుగున ఇసుకలో, బురదలో గుంట చేసి గుడ్లు పెడుతుంది, వాటికి కాపలా ఉంటుంది. ఇసుక తవ్వకాలు చేపలకు చేసే కీడు గురించి మాట్లాడేటప్పుడు ఈ గుంటల సంగతి ఎవరూ ఎత్తరు. యంత్రం పెట్టి ఇసుక తోడితే నీరొక్కటే కలకబారదు, పొదుగుతున్న గూడు కూడా లారీ ఎక్కుతుంది.

వాలుగ

శాస్త్రనామం వాలగో అట్టు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. నోరు చూస్తే చాలు, దాని చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. వీపు మీద చిన్న రెక్క, దానికి ముల్లు లేదు. పొట్ట కింద మొదలైన రెక్క తోక దాకా పొడుగ్గా సాగుతుంది, ఈనెలు డెబ్బై అయిదుకు పైనే. మీసాలు రెండు జతలే అయినా పై జత చాలా పొడుగు.

పిల్ల వాలుగ అనుకుని పొరబడే చేప ఒకటుంది, ఓంపాక్. బెంగాల్ వాళ్లు పబ్దా అని ఇష్టంగా తింటారు. దానికీ రెండు జతల మీసాలే, పొడుగాటి కింది రెక్కే. కానీ నోటి చీలిక కన్ను దాటదు, మొప్ప వెనక భుజం మీద నల్ల మచ్చ ఉంటుంది.

వాలుగ పగలు మడుగులో అడుగున పడుంటుంది, రాత్రి వేటకు లేస్తుంది. మీటరు దాటి పెరుగుతుంది. చేపల్ని, కప్పల్ని మింగుతుంది. సన్నటి వాడి పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి గనుక నైలాను దారం నిలవదు, గాలానికి పైన జానెడు తీగ కట్టాలి. ఎరగా బతికున్న చిన్న చేప మంచిది. కప్ప, కోడిపేగులు కూడా పనిచేస్తాయి. మొదటి కుదుపుకే లాగితే ఎర ఊడి వస్తుంది. అది నోట కరుచుకుని కొంతదూరం పోయి మింగుతుంది, అప్పటిదాకా దారం వదలాలి. దీని మాంసంలో చిన్న ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలున్న ఇళ్లలో ఇష్టపడతారు. అయితే చచ్చాక తొందరగా పాడవుతుంది, మధ్యాహ్నం సంతలో కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడాలి.

ఇంగిలాయి

సన్నగా, నల్లగా, పక్కలకు అదిమినట్లుండే చేప. పిల్లగా ఉన్నప్పుడు ఎర్రటి ఛాయ ఉంటుంది. తల బల్లపరుపు. వీపు మీద చిన్న రెక్క, ముల్లు లేదు. విషపు ముళ్లు పక్క రెక్కలకే. జానెడు పొడవు మామూలు, అడుగుంటే పెద్దది. తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి అందిన చేపను చూసి జర్మనీలో బ్లాఖ్ అనే శాస్త్రజ్ఞుడు 1794లో దీనికి ఫాసిలిస్ అన్న పేరు పెట్టాడు.

దీని మొప్పల గది నుంచి రెండు గాలి గొట్టాలు వెన్నుపూస వెంబడి తోక వైపు దాకా పోతాయి. అవే దీని ఊపిరితిత్తులు. నీటిలో ప్రాణవాయువు అడుగంటిన కుంటలో బొచ్చె, శీలావతి తేలిపోతాయి. ఇంగిలాయి మాత్రం పైకొచ్చి ఒక గుటక గాలి మింగి మళ్లీ అడుగుకు పోతుంది. నీళ్లు ఎండితే తడి బురదలో దూరి నిలుస్తుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. ప్రాణవాయువు తగ్గిన నీటిలో గాలి మింగడం దీనికి తప్పనిసరి. అలాంటి నీటిలో పైకి రానివ్వకుండా అడుగున ఆపితే ఈ చేప మునిగి చస్తుంది. మార్పూ అంతే. బుట్టలు పెట్టేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది, కింద మళ్లీ వస్తుంది.

మార్పు

ఇంగిలాయి పక్కన పెడితే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మార్పు వీపు రెక్క తల వెనక కాస్త దూరంలో మొదలై తోక మొదలు దాకా సాగుతుంది. నాలుగు జతల మీసాలు, గుండ్రటి తోక. మొప్పల పైన ఉన్న గదిలో చెట్టు కొమ్మల్లా చీలిన అవయవం ఉంటుంది, గాలిలోంచి ప్రాణవాయువు తీసుకునేది అదే. వానరాత్రి ఒక కుంటలోంచి ఇంకో కుంటకు పక్క ముళ్లు ఊతంగా పెట్టుకుని గడ్డి మీదుగా పాకిపోతుంది.

పుస్తకాల్లో చాలాకాలం దీన్ని క్లారియస్ బట్రాకస్ అన్నారు. ఆ పేరు జావా చేపదని తేలాక మన చేపకు 1822లో హామిల్టన్ గంగ చేపల పుస్తకంలో ఇచ్చిన మాగుర్ అన్న పేరే నిలిచింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో క్లారియస్ మాగుర్ ఇప్పుడు ప్రమాదంలో ఉన్న జాతి. ఒకప్పుడు వరిమడిలో చేత్తో పట్టిన చేప ఇది.

మార్పు గట్టు బొరియల్లో, గడ్డి మొదళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్లు గడ్డికి అతుక్కుంటాయి, మగ చేప దగ్గరుండి కాస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గట్టు బొరియలో చెయ్యిపెట్టి మార్పును లాగినవాడికి చాలాసార్లు దొరికేది ఆ కాపలా తండ్రే. అది పోతే ఆ బొరియలోని గుడ్లను కాచే దిక్కు ఉండదు. ఆ మూడు నెలలూ బొరియ వేట మానాలి. మార్పు విషయంలో ఇంతకంటే ముఖ్యమైన నియమం నాకు కనిపించదు.

ఆడా మగా తేడా పొట్ట కింద, మలద్వారం వెనక తెలుస్తుంది. మగదానికి అక్కడి బుడిపె పొడుగ్గా, మొనతేలి ఉంటుంది, ఆడదానికి గుండ్రంగా ఉంటుంది. హేచరీలో విత్తనం తీసేవాళ్లకు ఒక చిక్కుంది. మగ మార్పు నుంచి పొట్ట నొక్కి వీర్యం తీయడం కుదరదు, చేపను చంపి వృషణాలు తీయాలి. బొచ్చె పిల్లలంత విరివిగా, చవగ్గా మార్పు పిల్లలు దొరకకపోవడానికి ఇదొక కారణం.

రాతి జెల్ల

శాస్త్రంలో బగారియస్. పెద్ద తల, గరుకు తోలు, రెక్కల చివర్ల నుంచి సాగిన తీగలు. రాళ్ల మీద నీరు వడిగా పారే చోట, రాతికి ఒళ్లానించి పడుంటుంది. గోదావరి, కృష్ణల్లో ఉండే రకాన్ని కూడా సైక్స్ 1839లోనే వర్ణించాడు. దీన్ని వేటాడమని నేను చెప్పను. పెద్ద చేప, నెమ్మదిగా పెరుగుతుంది, ఆనకట్టల వెనక నిలిచిన నీటిలో దీనికి కావలసిన వడి ఉండదు. అనుకోకుండా వలలో పడితే వదిలేయాలి.

మన నదుల జాబితా ఇప్పటికీ పూర్తి కాలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి 2017లో పంగాసియస్ సిలాసి అనే కొత్త చేపను శాస్త్రజ్ఞులు వర్ణించారు. సంతకు వచ్చే చేపల్లోంచే కొత్త జాతి తేలగలదంటే, బుట్టలోని చేపను తేరిపార చూడటానికి అంతకంటే కారణం ఏం కావాలి?

ఎర, గాలం

వాసన ఎక్కువ, కదలిక తక్కువ ఉన్న ఎర జెల్లకు సరి. వానపాము అన్నిటికంటే మేలు. రొయ్య తల, కోడి పేగు తరవాతివి. సీసం బరువు అడుగు తాకాలి, బెండు మీద నీటి నడుమ వేలాడే గాలానికి జెల్ల అరుదుగా వస్తుంది. పొద్దుగూకాక రెండు మూడు గంటలు, తెల్లవారే ముందు ఒక గంట మంచి వేళలు. మార్పు, ఇంగిలాయి గాలి మింగడానికి పైకి వచ్చినప్పుడు చిన్న బుడగలు లేస్తాయి. గడ్డి అంచున వాటిని కాసేపు గమనించి అక్కడే ఎర దించాలి.

చెరువు మత్స్యకారుల సహకార సంఘానిదైతే వాళ్లను అడగకుండా గాలం వేయకూడదు. గంగపుత్రులు, ముదిరాజులు, బెస్తలు, కొల్లేటి వడ్డీలు ఆ నీటి మీద బతుకుతున్నవాళ్లు.

ఊత, మావు

ఊత అడుగులేని వెదురు బుట్ట, పైన చెయ్యి పట్టేంత కంత ఉంటుంది. మోకాలి లోతు నీటిలో నడుస్తూ చేప కదిలిన చోట దించి, పై నుంచి చెయ్యిపెట్టి తీస్తారు. మోటు పనిలా కనిపిస్తుంది గానీ ఇందులో గొప్ప సౌకర్యం ఉంది. ఒక్కసారికి ఒక్క చేప, చేతికొచ్చాక చూసి వదలవచ్చు. ఇంగిలాయి ఉన్న నీళ్లలో మాత్రం ఊతలో చెయ్యి పెట్టకూడదు, చిన్న జల్లెడ బుట్టతో ఎత్తాలి.

మావు కాపు కాసే బుట్ట. లోపలికి పోవడానికి దారి ఉంటుంది, వెదురు మొనలు లోపలికి తిరిగి ఉండటంతో బయటికి దారి ఉండదు. కొల్లేటిలో తాటి దోనెల మీద వెళ్లి నాచు సందుల్లో వీటిని పెడతారు. ఇంతకుముందు చెప్పిన ఊపిరి సంగతి ఇక్కడ పనికొస్తుంది. మావు పూర్తిగా మునిగేలా పెడితే లోపల పడ్డ మార్పు, ఇంగిలాయి, వాటిలాగే గాలి పీల్చే కొర్రమీను తెల్లారేసరికి ఊపిరాడక చస్తాయి. పై భాగం నాలుగు వేళ్లు నీటి మీద తేలేలా పెడితే అన్నీ బతికుంటాయి, పిల్లల్ని తిరిగి వదలవచ్చు, బతికున్న చేపకు ధరా పలుకుతుంది. నిలువు వలకు ఈ వీలు లేదు. రాత్రంతా వదిలేసిన వలలో గాలి పీల్చే చేప బతకదు, అందుకే దాన్ని గంట గంటకూ చూడాలి.

మందు పెట్టడం, తూటా పేల్చడం, తీగతో కరెంటు పెట్టడం వేట కిందికి రావు. విషాన్నీ పేలుడు పదార్థాన్నీ 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది.

తొలకరి

మృగశిర కార్తె ముందూ వెనకా, మొదటి వరద కాలవల్లోకి దిగగానే చేపలు ఎదురెక్కుతాయి. చెరువు అలుగు కింద, మడి తూముల దగ్గర కుప్పలుగా దొరుకుతాయి. ఊరంతా ఎదురుచూసే వేట అది, అందులో ఉత్సాహం నాకూ తెలుసు. కానీ ఆ రోజుల్లో దొరికే చేపల పొట్ట నొక్కితే గుడ్లే. అలుగుకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి వల కడితే ఆ ఏడు పుట్టవలసిన చేపంతా ఆ ఒక్క వలలో ఆగిపోతుంది. సగం వెడల్పు వదిలి కట్టాలి. పొట్ట ఉబ్బిన ఆడ మార్పును, ఆడ ఇంగిలాయిని మడి వైపు వదలాలి.

ఇప్ప చెక్క

ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్క. చెరువులో బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు హెక్టారుకు 2,500 కిలోల చొప్పున చల్లమని చేపల సాగు పాఠాలు చెబుతాయి. అందులోని సపోనిన్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి, ఎర్రకణాలను పగలగొట్టి, ఉన్న చేపలన్నిటినీ చంపుతుంది, తరవాత ఎరువుగా మారుతుంది. చచ్చేవాటికి ఆ పాఠాల్లో అవాంఛిత చేపలని పేరు. వాలుగ, మార్పు, ఇంగిలాయి, కొర్రమీను ఆ లెక్కలోవే. పెంపకపు చెరువులో రైతు చేసే ఈ పనిని నేను తప్పుపట్టను, వాలుగ మిగిలితే పిల్లలు మిగలవు. కానీ ఊరి కుంట, వాగు మడుగు, పొలం కాలవ పెంపకపు చెరువులు కావు. వాటినీ ఆ లెక్కలోనే శుభ్రం చేయడం అన్యాయం. వరిమళ్లలో పురుగు మందులు ఇప్పటికే వాటి చోటు చాలా తగ్గించాయి.

క్యాట్‌ఫిష్

తెలుగు వార్తల్లో ఈ మాట వస్తే అది దాదాపు ఎప్పుడూ ఆఫ్రికా నుంచి వచ్చిన క్లారియస్ గరీపినస్. ప్రభుత్వం 2000లోనే దీని పెంపకాన్ని నిషేధించింది, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా దొంగచాటు గుంటల్లో కోళ్ల వ్యర్థాలు మేపి పెంచడం ఆగలేదు. వరదకు గట్టు తెగితే అవి కాలవల్లోకి వస్తాయి. దొరికిందల్లా తింటాయి, మన మార్పుతో సంకరమూ అవుతాయి.

బుట్టలో రెండింటినీ విడదీయడం నేర్చుకోవాలి. మన మార్పు ఒంటి రంగు చాలావరకు ఒకే తీరుగా గోధుమ, బూడిద కలిసినట్లుంటుంది. ఆఫ్రికా చేపకు ఒంటిమీద చలవరాతి మీది మరకల్లా నల్లటి చిందులు, కింద తెల్లటి పొట్ట. తల ఒంటికి మించి పెద్దది. మొప్ప ఎత్తితే లోపలి దువ్వెన పళ్లు చాలా ఒత్తుగా ఉంటాయి. రెండు మూడు కిలోలు తూగే చేపను మార్పని అమ్ముతుంటే అది మన మార్పు కాదు, మనది కిలో దగ్గరికి రావడమే అరుదు.

బజారులో పంగాసియస్ అని దొరికేది మళ్లీ వేరు. అది మెకాంగ్ నది చేప, 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా వచ్చింది, కొల్లేటి చుట్టుపక్కల అనుమతితో పెంచుతున్నారు. దాని మీసాలు పొట్టివి, రెండు జతలే, కొవ్వు రెక్క ఉంటుంది. ఈమధ్య వలల్లో పడుతున్న, ఒళ్లంతా గట్టి పలకలున్న సక్కర్ చేప దక్షిణ అమెరికాది, అక్వేరియంల నుంచి బయటపడింది.

గాలానికి గానీ వలకు గానీ ఆఫ్రికా చేపో సక్కర్ చేపో పడితే తిరిగి నీళ్లలో వేయకూడదు. జాలి పడి వదలకూడదు, పుణ్యమని చెరువులో వేయకూడదు, ఇంకో కుంటకు మోసుకుపోకూడదు. గట్టు మీదే చంపి పాతిపెట్టి, ఏ కాలవలో దొరికిందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి చెప్పాలి. అదే వలలో మార్పు పిల్ల పడితే తడిచేత్తో తీసి, దొరికిన చోటనే, గడ్డి అంచున వదలాలి.